మిగిల్చిపోయిన పాటలు



సంగీత సాహిత్యాలను గురించి వ్రాసేవారు ‘ప్రభావము’ అనే మాటను మహా ఉదారంగా వాడుతుంటారు. ఫలానా కవిపై ఫలానావారి ప్రభావం ఉన్నదనీ, ఫలానా వాగ్గేయకారునిలో పూర్వుల ఛాయ కనిపిస్తున్నదనీ అంటారు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి గనుక ఆ ప్రశ్నను పరీక్ష పత్రాలలో నేనూ ఇచ్చాను. పిల్లలు వ్రాసే సమాధానం కూడా ఎప్పుడూ ఒకటే: ఈయన ఆయనను అనుసరించెను, అయినను తన ప్రత్యేకతను నిలుపుకొనెను. మార్కులు వేయక తప్పదు.

మా పడమటి కర్నూలు సీమలో ఇద్దరు వాగ్గేయకారుల నడుమనున్న సంబంధాన్ని పెద్దలు వేరే విధంగా చెప్పుకుంటారు. దాన్ని ప్రభావమని అనరు. బాకీ అంటారు. ఆ బాకీ కథనూ, అది నాకు ఎందుకు ముఖ్యమైనదో ఆ సంగతినీ ఈ టపాలో చెప్పాలని సంకల్పం.

పురందరదాసు 5 లక్షల కీర్తనలు రచిస్తానని సంకల్పించాడట. 4,75,000 పూర్తయ్యేసరికి ఆయువు తీరింది. మిగిలిన 25,000 ఎవరు పూర్తి చేయాలి? ఆయన చిన్న కుమారుడు మధ్వపతి మరుజన్మలో విజయదాసుగా పుట్టి ఆ శేషాన్ని పూరించాడు. సంప్రదాయం చెప్పే మాట ఇది. ఈ సంఖ్యలను చరిత్రగా స్వీకరించమని నేను చెప్పబోవడం లేదు. ఇద్దరివీ ఈనాడు లభిస్తున్న రచనలు ఆ లెక్కలో స్వల్ప భాగమే. అయితే ఈ కథ కట్టినవారి ఆలోచన నన్ను ఆకర్షిస్తుంది. ఒక మహాకవి తరువాత పుట్టినవాడు ఆయన వంటివాడు కావాలని వారు అనలేదు. ఆయన వదిలివెళ్ళిన పని ఎంత మిగిలిందో లెక్కగట్టి, దాన్ని ఇతని చేతిలో పెట్టారు.

ఈ కథ జరిగిన నేలను ముందు కొంచెం పరిచయం చేయాలి. ఆదోని నుండి ఎమ్మిగనూరు మీదుగా రాయచూరు వెళ్ళే దారిలో, తుంగభద్రకు ఇవతలి ఒడ్డుసీమలో మా మాధవరం ఉన్నది. వంతెన దాటితే రాయచూరు జిల్లా, కన్నడ దేశం. మా పొరుగుననే మంత్రాలయం. రాఘవేంద్రస్వామివారు 1671లో బృందావన ప్రవేశం చేసిన క్షేత్రమది. ఆయన స్వయంగా వీణావాదకులు, కన్నడంలో కీర్తన చెప్పినవారు. ఇదే నది ఎగువన హంపిలో, విఠలాలయానికి సమీపంలో పురందరదాసు పేరిట మంటపం ఉన్నది. ఇదే నది అవతలి గట్టున మాన్వి తాలూకా చీకలపర్విలో విజయదాసు జన్మించాడు. ఇక దక్షిణాన గుంతకల్లు పక్కనున్న చిప్పగిరి మా కర్నూలు జిల్లాలోనిదే. విజయదాసు చివరి దినాలు గడిపి, 1755లో కార్తీక శుద్ధ దశమినాడు దేహం చాలించినది అక్కడ.

మాకు కన్నడం పరభాష కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. మా తండ్రుల తరం కోర్టుకైనా కచేరికైనా బళ్ళారికి వెళ్ళినవారు. నేను పుట్టేనాటికి జిల్లా మారింది గాని ఇళ్ళలోని పాటలు మారలేదు. తెలుగు మాట్లాడే ఇళ్ళలో కన్నడ దాసుల పాటలు తెలుగు లిపిలో వ్రాసుకొని పాడుకోవడం మా వైపు సర్వసాధారణం.

ఇక కాలం సంగతి. పురందరదాసు నిర్యాణం 1564లో. ఆ మరుసటి సంవత్సరం 1565లో తళ్ళికోట యుద్ధం, హంపీ వినాశం. దాసుల పాటకు నీడనిచ్చిన నగరమే లేకుండా పోయింది. విజయదాసు జన్మించినది 1682లో. అంటే నడుమ నూటపద్దెనిమిది ఏళ్ళు. ఈ నడిమి కాలంలో దాస సాహిత్యం పలుచబడిందనీ, విజయదాసుతో దానికి రెండవ ఘట్టం మొదలైందనీ కన్నడ సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ఆయన బాల్యంలోనే, 1688లో, ఆదోని కోట బీజాపూరు సర్దారు సిద్దీ మసూద్ ఖాన్ చేతి నుండి మొగలుల చేతికి పోయింది. ఆ రోజుల్లో పాటను పోషించే ప్రభువు గాని, పురందరదాసును చూసిన శిష్యుడు గాని లేరు. ఉన్నదల్లా జనం నోట మిగిలిన పాట.

విజయదాసు అసలు పేరు దాసప్ప. కటిక బీదరికంలో పుట్టినవాడు. ఇల్లు విడిచి కాశీకి వెళ్ళాడనీ, అక్కడ స్వప్నంలో పురందరదాసు కనిపించి నాలుకపై బీజాక్షరాలు వ్రాసి ‘విజయవిఠల’ అనే అంకితం ప్రసాదించాడనీ ఐతిహ్యం. గురువు స్వప్నంలో దొరకడం విడ్డూరంగా తోచవచ్చు. నాకు మాత్రం అది నూటపద్దెనిమిది ఏళ్ళ ఎడబాటును నిజాయితీగా ఒప్పుకొన్న మాటగా కనిపిస్తుంది. ఎదుట కూర్చుండబెట్టి చెప్పేవాడు లేడు గనుక కలలోకి రావలసి వచ్చింది.

ఆ వారసత్వంలో చేతికి అందినవేమిటి? నేను గ్రహించినంతలో మూడు.

మొదటిది అంకితం. మనం ముద్ర అంటాము. పురందరదాసు తన కీర్తనలను ‘పురందర విఠల’ అని ముగిస్తాడు. విజయదాసు ‘విజయ విఠల’ అంటాడు. ఆయన శిష్యుడు గోపాలదాసు ‘గోపాల విఠల’, ఆ గోపాలదాసు శిష్యుడు జగన్నాథదాసు ‘జగన్నాథ విఠల’. విఠల శబ్దం ఇంటిపేరులా నిలిచిపోయింది. ముందున్న పేరు మారుతూ వచ్చింది. ఎవరి పాటకు వారే పూచీ, వంశం మాత్రం ఒకటి.

రెండవది సూళాది. ఈ మాట సంగీతం నేర్చుకున్నవారికి ‘సూళాది సప్త తాళములు’ అనే పాఠంగా తెలుసు. ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక. సామాన్య జాతిలో అక్షరకాలాలు వరుసగా 14, 10, 6, 10, 7, 14, 4. సరళీ స్వరాలు మాయామాళవగౌళలో మొదలుపెట్టి, జంటలు చెప్పి, ఈ ఏడు తాళాల్లో అలంకారాలు పాడించి, ఆపైన మలహరి రాగంలో పిళ్ళారి గీతాలు నేర్పడమనే క్రమాన్ని ఏర్పరచినవాడు పురందరదాసే అని సంగీతలోకం నమ్ముతుంది. ఈనాటికీ దక్షిణాదిన పిల్లలు సంగీతంలో వేసే తొలి అడుగు ఆయన చెక్కిన మెట్టు మీదనే.

అయితే సూళాది పిల్లల పాఠం మాత్రమే కాదు, ఒక రచనా ప్రక్రియ కూడా. ఒకే రచనలో పలు ఖండాలుంటాయి. ఒక్కొక్క ఖండం ఒక్కొక్క తాళంలో నడుస్తుంది. చివర రెండు పాదాల ముక్తాయింపు వస్తుంది, దానిని ‘జతె’ అంటారు. పురందరదాసు సూళాదులు రచించాడు. విజయదాసు ఆ ప్రక్రియను పట్టుకొని దానికే తన జీవితంలో సింహభాగం ధారపోశాడు. తిరిగిన క్షేత్రాల మీద సూళాదులు, తత్త్వం మీద సూళాదులు, నిత్యపారాయణకు సూళాదులు. పురందరుని కీర్తనలో వీధి కనిపిస్తుంది, అంగడి కనిపిస్తుంది, అత్తాకోడళ్ళు, లోభి, డాంబికుడు కనిపిస్తారు. విజయదాసు సూళాదిలో వీటి పాలు తక్కువ. సంస్కృత పదాల బరువు, మధ్వమత సిద్ధాంతాల గాఢత ఎక్కువ. పోలిక కోసం వెదికితే ఈ కొడుకు తండ్రిలా లేడు. తండ్రి ఒక మూల విడిచిపెట్టిన గదిని ఇతడు తన నివాసంగా చేసుకున్నాడు.

తెలుగు పండితునిగా నాకు వినిపించే మరొక సంగతి ప్రాస. ద్వితీయాక్షర ప్రాస ఇద్దరి పాటల్లోనూ పాదాలను కట్టి ఉంచుతుంది. మనకు ప్రాణసమానమైన యతిమైత్రి కన్నడంలో నియమం కాదు గనుక మొదట్లో నా చెవికి పాదం మధ్యలో ఏదో జారినట్టు తోచేది. ‘పాలు’ అక్కడ ‘హాలు’, ‘పులి’ అక్కడ ‘హులి’. ఈ మార్పులకు చెవి అలవాటు పడ్డాక రెండు భాషలూ ఒకే ఇంటి రెండు వాకిళ్ళలా అనిపిస్తాయి.

మూడవది అన్నిటికన్న విలువైనది: దేశభాషలో చెప్పే ధైర్యం. మాన్విలో శ్రీనివాసాచార్యులనే సంస్కృత పండితుడు ఉండేవాడు. విజయదాసు కన్నడంలో పాడుతూ తిరగడం ఆయనకు చులకన. ఒకనాడు విజయదాసు భోజనానికి పిలిస్తే కడుపునొప్పి అని మిషపెట్టి వెళ్ళలేదట. ఆ అబద్ధపు నొప్పి నిజమైన నొప్పిగా మారి తీరలేదట. చివరికి విజయదాసు వద్దకే వెళ్ళి శరణువేడగా, ఆయన గోపాలదాసు వద్దకు పంపాడు. గోపాలదాసు తన ఆయుర్దాయంలో 40 ఏళ్ళు ఈ పండితునికి ధారపోశాడని కథ. ఆ శ్రీనివాసాచార్యులే జగన్నాథదాసై, కన్నడంలో భామినీ షట్పదిలో ‘హరికథామృతసారము’ రచించి, 1809 వరకు జీవించాడు. వైద్యశాస్త్రం ఒప్పుకోదు గాని, పండితుల కడుపునొప్పి ఎటువంటిదో పండిత శిక్షణ పొందిన మాబోటివారికి బాగా తెలుసు. ఈ కథలోనూ ఇవ్వడం పుచ్చుకోవడమే ఉంది చూడండి. అక్కడ 25,000 పాటలు, ఇక్కడ 40 సంవత్సరాలు.

పురందరదాసుకు మరొక వారసుడు మనవాడే. విజయదాసు పోయిన 12 ఏళ్ళకు, 1767లో, త్యాగరాజు జన్మించాడు. ‘ప్రహ్లాద భక్తి విజయము’ ఆరంభంలో ఆయన పురందరదాసును పేరు పెట్టి స్తుతించాడు. పూర్వ వాగ్గేయకారునికి ఉత్తర వాగ్గేయకారుడు చేసిన నమస్కారాలలో అది ప్రసిద్ధమైనది. తల్లి పాడే దాసుల పదాలు వింటూ పెరిగాడని ఆయన చరిత్రకారులు వ్రాస్తారు. కాని త్యాగరాజు సూళాది జోలికి పోలేదు, విఠల నామాన్ని ముద్రగా తీసుకోలేదు, కన్నడంలో వ్రాయలేదు. కీర్తనను తీసుకొని సంగతులతో పెంచి, దాన్ని వేరొక వృక్షం చేశాడు. చిప్పగిరి వారసుడు బాకీ తీర్చాడు. తిరువయ్యారు వారసుడు ఆ మూలధనంతో కొత్త వ్యాపారం పెట్టాడు. లోకం రెండవవానినే ఎక్కువగా ఎరుగును, అది సహజమే. కాని మొదటివాని పని చిన్నదని అనుకుంటే నాకు మనసొప్పదు.

ఎందుకు ఒప్పదో చెప్పాలంటే మా వీధిలోని ఒక అవ్వగారి సంగతి చెప్పాలి. మాధ్వుల ఇల్లు. ఎనభై దాటిన మనిషి. మా ఇంటి సంప్రదాయం వేరైనా, రెండిళ్ళ నడుమ పెరటిగోడ ఒక్కటే కావడం వల్ల ప్రతి ఉదయం ఆవిడ సూళాది పారాయణం నాకు వినవస్తుంది. నేను ఉద్యోగ విరమణ చేసి ఊరు చేరిన తరువాత శ్రద్ధగా వినడం అలవాటైంది. ఒక విషయం గమనించాను. ప్రతి ఖండం మొదట ఆవిడ ‘ధ్రువతాళ’, ‘మఠ్యతాళ’ అని పైకి చదువుతుంది. కాని చదివే వరుస మాత్రం మొదటి నుండి చివరి వరకు ఒక్కటే. పద్నాలుగు అక్షరాల ధ్రువానికీ, ఏడక్షరాల త్రిపుటకూ తేడా లేదు. తాళం పోయింది. తాళం పేరు మంత్రంలా మిగిలింది.

ఇది ఆవిడ లోపం కాదు. విజయదాసు సూళాదుల తొలి సంగీతం చాలావరకు మరుగున పడిపోయింది. సాహిత్యం నిలిచింది, వరుసలు నిలవలేదు. మన అన్నమయ్యకూ జరిగినది ఇదే గదా. 1503లో ఆయన పోయాక పాటలు రాగిరేకులకెక్కి తిరుమల సంకీర్తన భండారంలో భద్రంగా నిద్రపోయాయి. రేకుల మీద రాగం పేరు ఉన్నది, స్వరం లేదు. ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటివారు వాటిని వెలికితీసి పరిష్కరిస్తే, మన రాయలసీమవాడు, కన్నడం ఎరిగినవాడు, మైసూరులో పాఠం చెప్పిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు ఎన్నో కీర్తనలకు కొత్తగా స్వరాలు కూర్చారు. రాగిరేకు మాటను కాపాడింది గాని పాటను కాపాడలేదు. పురందరుని కీర్తనలకు రాగిరేకులు లేవు. నోళ్ళున్నాయి. నోళ్ళు పాటను కాపాడాయి గాని, పాడినప్పుడల్లా కొంచెం మార్చాయి. రెండింటిలోనూ శేషం మిగిలింది. ఆ శేషాన్ని తరువాత వచ్చినవారెవరో పూరించవలసినదే.

అవ్వగారి చేతిలోనిది అట్టలు ఊడిన ఒక నోటుపుస్తకం. ఆవిడ కొత్త కోడలుగా వచ్చిన రోజుల్లో అత్తగారు నోటితో చెబుతుండగా తెలుగు లిపిలో వ్రాసుకున్నది. ఒక ఏడాది వేసవిలో నన్ను పిలిచి, అక్షరాలు కంటికి ఆనడం లేదు, పెద్ద అక్షరాలతో తిరగ వ్రాసి ఇమ్మన్నది. వ్రాస్తూ పోగా నడుమ ఒక సూళాది మూడు ఖండాలతో ఆగిపోయింది. తరువాత మూడు పుటలు ఖాళీ. మరి కొంత దూరాన వేరొక రచన మొదలైంది. ఏమిటని అడిగితే, ‘అంతవరకు చెప్పి మా అత్త మంచాన పడింది అయ్యవారూ. మళ్ళీ లేయలేదు. ఎప్పుడైనా ఎవరైనా చెబితే రాసుకుందామని ఆ పుటలు అట్లే వదిలిపెట్టినాను’ అన్నది. అరవై ఏళ్ళకు పైబడి ఆ మూడు పుటలు అలాగే ఉన్నాయి. ఆవిడ ప్రతిసారీ మూడు ఖండాలు చదివి, ఖాళీ పుటలకు నమస్కరించి, తిప్పుతుంది.

రాయచూరులోని ఒక మిత్రుని ద్వారా కన్నడ అచ్చు ప్రతి ఒకటి తెప్పించాను. ఆ సూళాది అందులో పూర్తిగా ఉన్నది, జతెతో సహా. కాని మొదటి మూడు ఖండాలలో అవ్వగారి పాఠానికీ అచ్చు పాఠానికీ ఏడెనిమిది చోట్ల భేదం ఉన్నది. కొన్నిచోట్ల అచ్చు మేలు. రెండుచోట్ల మాత్రం ప్రాసను బట్టి చూస్తే అవ్వగారిదే సరియైన పాఠమని నా అభిప్రాయం. పండితుని చేయి ఊరకుండదు. అంతా అచ్చు ప్రకారం సవరించి పూర్తి చేయనా, ఆవిడ పాఠాన్ని అలాగే ఉంచి మిగిలినది మాత్రం చేర్చనా, లేక ఖాళీని ఖాళీగానే వదలనా? అడగడమే ఉత్తమమని అడిగాను.

అవ్వగారు కొంతసేపు ఆలోచించి, ‘మా అత్త చెప్పినది ముట్టుకోవద్దండి అయ్యవారూ. మిగిలింది రాయండి, నాకూ పూర్తిగా చదువుకోవల్లనని ఉంది. అయితే వేరే ఇంకుతో రాయండి. అత్త చెప్పింది ఏదో, పుస్తకంలోది ఏదో రేపు చదివేవాళ్ళకు తెలియల్ల గదా’ అన్నది.

పాఠపరిష్కరణ సూత్రాలు మేము ఎన్నో పుటలలో చదివాము. ఆవిడ ఒక్క మాటలో చెప్పింది. నాకు వెంటనే ‘విజయ విఠల’ స్ఫురించింది. 25,000 పాటలు తండ్రి లెక్కలోకే చేరాలి గనుక తండ్రి ముద్రతోనే వ్రాసి ఉండవచ్చు. మనవైపు ప్రక్షిప్తాలు చేసినవారు చేసినది అదే. పెద్దవాని పేరు పెట్టి తమ పద్యం చొప్పించారు. విజయదాసు అలా చేయలేదు. లెక్క తండ్రిది, ముద్ర తనది. వేరే ఇంకు.

మన పెద్దలు మనిషికి పుట్టుకతోనే మూడు ఋణాలున్నాయన్నారు: దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం. వీటిలో ఋషి ఋణం అధ్యయనంతో తీరుతుందన్నారు. చదువుకున్నదాన్ని చదివించడంతో తీరుతుందని నేను అర్థం చేసుకున్నాను. ‘ప్రభావము’ అనే మాట ఈ బరువును మోయలేదు. ప్రభావం గాలి వంటిది, సోకినవాడు ఏమీ చేయనక్కరలేదు. ఋణం అలా కాదు, లేచి ఏదో ఒకటి చేయాలి. ఎంత చేసినా శేషం ఉంటుంది. 25,000 తీర్చినవాడు కూడా వరుసలు నిలపలేకపోయాడు. ఆ శేషం మరొకరి వంతు.

కార్తీకంలో చిప్పగిరికి వెళ్ళినప్పుడు ఆరాధనకు వచ్చిన స్త్రీల భజన మండలులు కొన్ని, సూళాది ఖండాలకు తమకు తోచిన రాగాలు కట్టి, తాళం వేస్తూ పాడడం విన్నాను. అవి విజయదాసు కట్టిన వరుసలు కావు. కాని ధ్రువతాళం అన్నచోట చేతులు ధ్రువతాళమే వేస్తున్నాయి. నా ప్రక్కన నిలిచిన పెద్దాయన ఒకరు ఇది పాత పద్ధతి కాదని పెదవి విరిచారు. నేను మాత్రం నిలబడి, వేళ్ళ మీద పద్నాలుగు లెక్కపెట్టుకుంటూ, చివరి దాకా విన్నాను.

అవ్వగారి నోటుపుస్తకం ఇప్పుడు నల్ల ఇంకు, నీలి ఇంకు కలిసి కొత్త ప్రతి అయింది. దాన్నే యూనికోడులో ఎక్కిస్తున్నాను. అత్తగారి పాఠం మామూలు అక్షరాలలో, అచ్చు నుండి చేర్చినది వాలు అక్షరాలలో ఉంటుంది. ఆవిడ మనుమరాలు బెంగుళూరులో ఉంటుంది, తెలుగు చదువుతుంది, కన్నడం మాట్లాడుతుంది, సంగీతంలో అలంకారాలు దాటి గీతాల దాకా వచ్చి ఆపేసింది. ఏడు తాళాలూ గుర్తున్నాయా అని ఫోనులో అడిగితే, ‘వేళ్ళకు గుర్తున్నాయి తాతా’ అన్నది. ప్రతి పూర్తికాగానే మొదట ఆ అమ్మాయికే పంపుతాను.

బళ్ళారి, అనంతపురం, రాయచూరు, గద్వాల వైపు మిత్రుల ఇళ్ళలో తెలుగు లిపిలో వ్రాసుకున్న ఇటువంటి దాసుల పాటల పుస్తకాలు ఉంటే, దయచేసి పారవేయకండి. ఏ పుటలు ఖాళీగా ఉన్నాయో కూడా చూడండి.

సెలవు.